అప్‌డేట్: పాత డీఎస్ లైట్‌లో నోట్స్ రాసుకోవడం కుదిరింది

రెండు తెరల చేతి గేమ్ యంత్రమైన పాత నింటెండో డీఎస్ లైట్‌ను జేబు డైరీలా వాడుకోవచ్చా, టైపింగ్ ఎలా ఉంటుంది అని అడిగాను కదా. మీరు చెప్పిన డీఎస్‌ఆర్గనైజ్ అనే డైరీ ప్రోగ్రామ్‌ను ఫ్లాష్‌కార్డులో (గేమ్ కార్డు బదులు పెట్టే, మెమరీ కార్డు పట్టే కార్డు) వేశాను. క్యాలెండర్, పనుల జాబితా, చిరునామాలు అన్నీ ఉన్నాయి.

అసలు సంగతి టైపింగే. కింది తెర 256×192 పిక్సెళ్లే, కాబట్టి కీలు బాగా చిన్నవి. అయితే అది ఒత్తిడికి స్పందించే తెర కదా, స్టైలస్ మొనతో నొక్కితే గురి తప్పడం లేదు. వేలితో మాత్రం వద్దు బాబోయ్! రెండు లైన్ల నోట్‌కి హాయిగా ఉంది, పేజీ రాయాలంటే చెయ్యి లాగేస్తుంది. బ్లూటూత్ లేదు గనక మామూలు వైర్‌లెస్ కీబోర్డు ఆశ వదులుకున్నా.

వైఫై పాత, బలహీనమైన డబ్ల్యూఈపీ భద్రత పద్ధతి వరకే. దానికోసం రౌటర్ భద్రత తగ్గించడం నాకిష్టం లేదు. మెమరీ కార్డు తీసి కంప్యూటర్‌లోకి ఫైళ్లు కాపీ చేసుకుంటున్నా.