ఉప్పు నీళ్లకు సాఫ్ట్‌నర్ పెడితే గీజర్లు నిలుస్తాయా?

ఎంవీపీ కాలనీ నుంచి:
విశాఖలో మాది 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. వాడకానికి బోరు నీళ్లే. ఏడాదిన్నరలో ఆరు గీజర్లు పోయాయి. రెండింటికి ట్యాంకు కారింది, మిగతావాటికి కాయిల్ కాలిపోయింది. అందరం డబ్బులు వేసుకుని బిల్డింగ్ మొత్తానికి సాఫ్ట్‌నర్ (నీళ్లలో గార కట్టే గుణాన్ని తగ్గించే యంత్రం) పెడదామని అసోసియేషన్ వాళ్లు అంటున్నారు. ఆదివారం మీటింగ్. ఒప్పుకోవచ్చా?

మధురవాడ నుంచి:
ఆలోచించకుండా ఒప్పుకోండి. మేం పెట్టించుకుని మూడేళ్లయింది. బకెట్లకు తెల్ల గార పట్టడం లేదు, షవర్ రంధ్రాలు మూసుకుపోవడం లేదు. గీజర్ అయితే ఒక్కసారి కూడా విప్పలేదు.

పెద వాల్తేరు నుంచి:
ఎంవీపీ వారూ, ఒక్క వారం ఆగండి. మనం రెండు వేర్వేరు జబ్బులను కలిపి ‘ఉప్పు నీళ్లు’ అనేస్తాం. చిక్కంతా అక్కడే ఉంది.

సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, గిన్నెకు తెల్లగా పడుతుంది. అది కాల్షియం, మెగ్నీషియం వల్ల. నీళ్లు కాగినప్పుడు సున్నంలా విడిపోయి కాయిల్ చుట్టూ పెంకు కడుతుంది. లోపలి వేడి బయటికి పోలేక కాయిల్ కాలిపోతుంది. దీనికి సాఫ్ట్‌నర్ మంచి మందే.

నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలే నీళ్లు వేరు. సముద్రం ఒడ్డున బోర్లు అతిగా తోడితే భూమి లోపల మంచినీరు తగ్గి, ఉప్పునీరు చొచ్చుకొస్తుంది. అందులోని క్లోరైడ్ ఇనుప ట్యాంకును తింటుంది. సాఫ్ట్‌నర్ దాన్ని తీయదు. కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది, అంతే. అందుకే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపే టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే సాఫ్ట్‌నర్‌కు ముందూ తర్వాతా అంకె ఇంచుమించు ఒకటే ఉంటుంది. అమ్మడానికి వచ్చినవాళ్లు మాకు ఈ మాట చెప్పలేదు. మేం డబ్బు పెట్టాక తెలిసింది: గార తగ్గింది, ట్యాంకులు మాత్రం కారుతూనే ఉన్నాయి.

మీకు కాయిళ్లూ పోయాయి, ట్యాంకులూ కారాయి. రెండు జబ్బులూ ఉన్నాయని నా అనుమానం. బోరు నీళ్లు ల్యాబ్‌లో ఇచ్చి కఠినత్వం (అంటే ఆ కాల్షియం, మెగ్నీషియం ఎంతో), క్లోరైడ్ విడివిడిగా రాయించుకోండి. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణంలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు, క్లోరైడ్ 250 లోపు ఉండాలి. వేరే దిక్కు లేకపోతే 600, 1000 దాకా ఒప్పుకుంటారు. వాడకం నీళ్లే అయినా పోల్చుకోవడానికి ఈ అంకెలు పనికొస్తాయి. క్లోరైడ్ బాగా ఎక్కువగా వస్తే సాఫ్ట్‌నర్ కన్నా కార్పొరేషన్ కుళాయి నీటికి చిన్న ట్యాంకు వేరుగా పెట్టి, గీజర్లకు ఆ లైన్ లాగడం మేలు. రైవాడ, తాటిపూడి జలాశయాల నుంచి వచ్చే నీళ్లు మన బోరు నీళ్లలా ఉండవు.

మధురవాడ నుంచి:
మరి మాకు పనిచేసింది కదండీ? మీకు కుదరలేదని అందరినీ భయపెడితే ఎలా?

పెద వాల్తేరు నుంచి:
మీకు పనిచేసిందంటే నమ్ముతాను. మీది గార జబ్బు అయ్యుంటుంది. కానీ మూడేళ్లుగా ఒక్కసారి కూడా విప్పలేదన్నారే, నాకు ఆ మాటే టెన్షన్‌గా ఉంది. గీజర్ లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ఆనోడ్ అంటారు. తుప్పు ట్యాంకును పట్టకుండా ముందు తాను కరిగిపోతుంది. సాఫ్ట్‌నర్ నీళ్లలో ఇంకా త్వరగా కరుగుతుంది. అది అయిపోయాక ట్యాంకు వంతు వస్తుంది. దయచేసి ఈ వారమే మెకానిక్‌ను పిలిచి చూపించండి. పెన్సిల్ అంత సన్నబడితే మార్పించేయండి. ప్రెషర్ వాల్వ్ గార పట్టి బిగుసుకుపోయిందేమో కూడా చూడమనండి. లోపల ఒత్తిడి పెరిగితే బయటికి వదిలేది అదే.

ఇంకో మాట, ఇది ఇద్దరికీ. కాయిల్ పగిలితే కరెంటు నీళ్లలోకి దిగుతుంది. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూసుకుని, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. స్విచ్ ఆపాకే పిల్లల్ని స్నానానికి పంపండి. మా పక్క ఫ్లాట్‌లో కుళాయి తిప్పిన పాపకు షాక్ కొట్టింది. ప్రాణానికి ఏమీ కాలేదు. ఆ ఏడుపు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

ఎంవీపీ కాలనీ నుంచి:
ఇప్పుడే బోరు దగ్గర నీళ్లు నోట్లో పోసుకుని చూశాను. ఉప్పగానే ఉన్నాయి. రేపు పొద్దున్నే రెండు సీసాలు పట్టి ల్యాబ్‌కు ఇస్తాను. రిపోర్ట్ వచ్చేదాకా మీటింగ్ వాయిదా వేయమని సెక్రటరీ గారికి చెప్పాను.