సమస్యాపూరణం: ఉడుత గింజకై ఖండము లూడిపోయె

సంచాలకులు (నారాయణగూడ):
ఈ వారం సమస్య ఇది. దీనిని చివరి పాదంగా నిలిపి పద్యం పూరించి, ఎప్పటిలా మీ పేట పేరుతోనే పంపండి.

ఉడుత గింజకై ఖండము లూడిపోయె

ఈ పాదం తట్టిన సందర్భం చెప్పక తప్పదు. సెలవులకు వచ్చిన మనవలు 'ఐస్ ఏజ్' చిత్రాలను వరుసగా చూపించమని పట్టుబట్టినందువల్ల, 2002లో మొదలై 2016లో అయిదవ భాగం దాకా సాగిన ఆ కథనంతా నాలుగు రోజులలో చూశాను. జూలు ఏనుగు, స్లాత్ అనే మందగమనపు జంతువు, కోరపులి కలిసి మనుష్యుల బిడ్డను తండ్రి వద్దకు చేర్చే కథ ఒక ప్రక్క నడుస్తుంటే, ఒక్క గింజ కోసం మంచుకొండలను పగులగొట్టే కోరపళ్ళ ఉడుత దాని త్రోవన అది నడుస్తుంది. 2012 నాటి నాలుగవ భాగంలో ఆ ఉడుత గింజ వెంటబడి భూగర్భం దాకా జారి, ఖండాలనే విడదీస్తుంది. మనవలు నవ్వారు, నేను గణాలు లెక్కపెట్టుకున్నాను.

కథను గాని, చూసినవారి అభిప్రాయాన్ని గాని ఆధారం చేసుకుని పూరించవచ్చు. పాదం అచ్చుతో మొదలైంది కనుక నుడుత అనో యుడుత అనో మార్చుకోవచ్చు. రేఫ సంయుక్తాల ('క్ర', 'ప్ర' వంటి అక్షరాల) ముందరి హ్రస్వం గురువా లఘువా అన్న పాత తగవును మాత్రం ఇక్కడికి తేవద్దని ఇద్దరు పెద్దలకు ముందే మనవి చేస్తున్నాను.

అమీర్‌పేట:
మొదటి ప్రయత్నం నాదే. దోషాలుంటే మన్నించండి.

తెరను నవ్వులు పండించు తిక్కజీవి
దాచబోయిన చోటెల్ల దారి చీలె
మంచు పగిలెను భూగోళ మంత యదరె
నుడుత గింజకై ఖండము లూడిపోయె

ఆ ఉడుత లేకపోతే ఈ చిత్రాలను ఎవరూ రెండవసారి చూడరని నా అభిప్రాయం. దానికి మాటలు లేవు, కీచుమనడం తప్ప. ఆ కీచులు కూడా మొదటి చిత్ర దర్శకుడు క్రిస్ వెడ్జ్ స్వయంగా పలికినవే.

చిక్కడపల్లి:
'తిక్కజీవి' బాగుంది. అయితే మూడవ పాదంలో కాలు జారింది. 'భూగోళమంత' అన్నది భూగోళము, అంత అని విడిపోతుంది గనుక యతిస్థానంలో, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరవలసిన చోట, నిలిచేది అకారమే. కంటికి మకారం కనబడినంత మాత్రాన 'మంచు'తో మైత్రి కుదరదు. మంచు మీద నడిచేవాళ్ళు క్రింద ఏముందో చూసుకోవాలి.

ఇక నా పూరణ.

మొదటి భాగాన చెలిమియే ముచ్చటయ్యె
నైదవది వచ్చు వేళకే యలసె కథయు
నతుకు బొంతగ మారెను హాస్యమెల్ల
నుడుత గింజకై ఖండము లూడిపోయె

ఇక్కడ ఖండములంటే భూఖండాలు కావు, చిత్రభాగాలు. మొదటి దానిలో గుహ గోడ మీది బొమ్మలను చూస్తూ జూలు ఏనుగు తన కుటుంబాన్ని తలచుకునే ఘట్టం ఒక్క మాట లేకుండా నడుస్తుంది. అంతటి నిగ్రహం చూపినవారు అయిదవ దానికి వచ్చేసరికి ఉడుతను ఎగిరే పళ్ళెంలో కూర్చోబెట్టి అంతరిక్షానికి పంపి, అక్కడి నుండి ఒక గ్రహశకలాన్ని భూమి మీదికి తోలించారు. ప్రక్క వాయిద్యం గట్టిగా మ్రోగితే కచేరీ ఏమవుతుందో చిక్కడపల్లి వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. త్యాగరాయ గానసభ మా వీధుల్లోనే ఉంది.

కూకట్‌పల్లి:
బొంత అతుకులు ఊడిపోవడం చాలా అందంగా ఉందండీ. 'ఖండము' అన్న మాటను తిప్పిన తీరు నాకు తట్టనే తట్టదు.

సీతాఫల్‌మండి:
చిక్కడపల్లి గారి శ్లేష చక్కనిదే, కాదనను. కానీ మంచు మాట వారే ఎత్తారు కనుక ఒక సంగతి గుర్తు చేయాలి. క్రిందటి నెల, మూడవ భాగంలో మంచు పొరల అడుగున రాక్షసబల్లులు బ్రతికి ఉండడం మీద పూరణలు వ్రాసినప్పుడు వారి పాదం ఇది.

మంచు క్రిందను రాకాసి మనుగడేమి

'చు' తరువాత 'క్రి' వచ్చింది. దాన్ని గురువుగా పలికితే సూర్యగణం కాస్తా రెండు గురువుల గగమైపోతుంది. ఆనాడు నేను అడిగితే సమాధానం రాలేదు. కుర్రవాడి యతిని పట్టుకునే ముందు తమ గణాన్ని కూడా ఒకసారి చూసుకోవాలి కదా. నా పూరణ ఇది.

సేతువును గట్ట నొకనాడు చేయి గలిపె
నిసుక మేనంటి తెచ్చిన యింతజీవి
వెండితెర మీద నేడిల విరుగగొట్టె
నుడుత గింజకై ఖండము లూడిపోయె

మన ఉడుత రెండు నేలలను కలపడానికి ఇసుక మోసింది. వాళ్ళ ఉడుత ఉన్న నేలను చీల్చింది. ఆ కథ వాల్మీకంలో లేదని ఎవరైనా అనబోతే, మన రంగనాథ రామాయణం ద్విపదలో ఉందని ముందుగానే చెబుతున్నాను.

చిక్కడపల్లి:
అనబోయినవారు ఎవరూ లేరు, కాబట్టి ఆ బాణం అమ్ములపొదిలోనే ఉంచుకోవచ్చు. పూరణ ఎత్తుగడ గొప్పది, ఈ వారానికి ఇదే మేటి అవుతుందేమో కూడా. 'నేడిల' లోని 'ఇల' మాత్రం గణం నింపడానికి వచ్చి కూర్చున్నది. భూమి విరిగిందని చెప్పడానికి తరువాతి పాదం ఎలాగూ ఉంది.

'మంచు క్రింద' సంగతికి ఇప్పుడు సమాధానం చెబుతాను. రెండు వేర్వేరు తెలుగు మాటల నడుమ రేఫతో కూడిన సంయుక్తం వస్తే ముందరి హ్రస్వాన్ని మనవాళ్ళు తేల్చే పలుకుతారు. 'మంచు', 'క్రింద' సమాసం కాలేదు, కనుక చుకారం లఘువే. అది సీతాఫల్‌మండి గారికి తెలియనిది కాదు. తెలిసి అడిగారు గనుక తెలిసి ఊరుకున్నాను.

సంచాలకులు:
నేను వద్దన్నది ఇదే. తీర్పు ఒక్క మాటలో చెబుతాను, దీనిని ఇంతటితో వదలండి: చిక్కడపల్లి వారి గణం నిర్దోషం. ఆ పాదంలోని ఆక్షేపణ మాత్రం సినిమా మీద సరైనదేనని నా ఉద్దేశం. రాక్షసబల్లులు 6.6 కోట్ల ఏళ్ళ క్రితమే అంతరించాయని బడిపిల్లలకు కూడా తెలుసు.

తార్నాక:
నేను భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీరు రాక్షసబల్లుల దగ్గర ఆగిపోయారు. సమస్యలోనే ఉన్న పెద్ద కాలదోషాన్ని ఎవరూ పట్టలేదు.

కోట్ల యేడుల నాడిల కుదుపునొందె
నిన్న మొన్నటి యేనుగు నేల నిలిపి
పిల్లలకు జెప్పిరో కథ వింత గొలుప
నుడుత గింజకై ఖండము లూడిపోయె

ఒకటిగా ఉన్న మహాఖండం చీలడం మొదలై సుమారు 20 కోట్ల ఏళ్ళయింది. జూలు ఏనుగులలో చివరివి ఆర్కిటిక్‌లోని రాంగెల్ దీవిలో సుమారు 4,000 ఏళ్ళ క్రితం దాకా కూడా బ్రతికి ఉన్నాయి, అంటే ఈజిప్టులో పిరమిడ్లు లేచిన తరువాత కూడా. ఈ రెంటినీ ఒకే మధ్యాహ్నంలో జరిపించారు. అయినా కోపం రాలేదు. నౌబత్‌పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో మన గోదావరి లోయలో దొరికిన కోటసారస్ అస్థిపంజరం ముందు నిలబడి, ఒక పిల్లవాడు "దీని ప్రక్కన ఉడుత ఏదీ?" అని తల్లిని అడగడం విన్నాను. ప్రశ్న తప్పే, కానీ ఆ సినిమా చూడకపోతే వాడు ఆ ఎముకల ముందు అంతసేపు నిలబడేవాడు కాదు.

ఇంకొక విశేషం ఉంది. కోరపళ్ళ ఉడుత కేవలం చిత్రకారుల కల్పన. 2011లో అర్జెంటీనా శిలల నుండి పొడవాటి కోరలున్న ఒక చిన్న క్షీరదం పుర్రెలు వెలుగులోకి వచ్చినప్పుడు, అందరికీ ముందుగా గుర్తుకు వచ్చింది ఈ ఉడుతే. క్రోనోపియో అని పేరు పెట్టిన ఆ జంతువు ఉడుత కాదు. అది రాక్షసబల్లుల కాలంలోనే తిరిగింది.

సీతాఫల్‌మండి:
తార్నాక గారి మొదటి పాదంలో కూడా 'ఇల' ఉంది. చిక్కడపల్లి గారికి అది కనబడలేదని అనుకోవాలి.

చిక్కడపల్లి:
కనబడింది. అక్కడ 'కుదుపునొందె' అన్న క్రియకు కర్త కావాలి, అందుకని ఇల ఉద్యోగం చేస్తున్నది. మీ దగ్గర సెలవులో ఉంది.

కూకట్‌పల్లి:
పెద్దల నడుమ నా పూరణ పెట్టడానికి సంకోచంగా ఉంది. ఇది మా ఇంట్లో జరిగినది. ఆరేళ్ళ మా అబ్బాయిని మేము ఉడుత అనే పిలుస్తాము.

బొమ్మ చిత్రము జూచిన బుడుతడొకడు
గట్టి బాదము గింజనే కఱచి చూడ
పాల పండ్లవి రెండును పడియె నేల
నుడుత గింజకై ఖండము లూడిపోయె

వాడి అభిప్రాయం కూడా చెప్పమన్నాడు. మొదటి చిత్రంలోని పసిబిడ్డ పాత్ర పేరు రోషన్ అని తెలిసిన నాటి నుండి, బడిలో తన ప్రక్కన కూర్చునే రోషన్ మంచుయుగం నుండి వచ్చాడని వాడు గట్టిగా నమ్ముతున్నాడు.

చిక్కడపల్లి:
ఖండములకు దంతఖండాలని అర్థం చెప్పుకోవలసి వచ్చింది, పైగా మూడవ పాదంలో పళ్ళు పడ్డాయని చెప్పాక నాలుగవ దానిలో మళ్ళీ ఊడడం పునరుక్తి. కానీ తల్లి పిలుపునే 'ఉడుత'గా వాడుకోవడం ఎవరికీ రాని ఊహ.

సీతాఫల్‌మండి:
ఇక్కడ అందరూ 'ఖండము' అన్న మాట చుట్టూనే తిరిగారు గాని 'ఊడిపోయె' అన్న క్రియను ఎవరూ పట్టించుకోలేదు. నేలలు చీలుతాయి, విడిపోతాయి, బద్దలవుతాయి. ఊడేవి ఏవి? పన్ను ఊడుతుంది, చక్రం ఊడుతుంది, గోడ పెచ్చు ఊడుతుంది. ఒకదానికి అంటుకుని ఉన్నదే ఊడుతుంది. ఆ లెక్కన నాతో సహా ముగ్గురి పూరణలలో క్రియ పొసగలేదు. కూకట్‌పల్లి సోదరి పూరణలో అది ఇంటి మాటలా కుదిరింది. చిక్కడపల్లి గారి బొంతలో కూడా కుదిరిందని ఒప్పుకోవలసి రావడం నాకు కొంత కష్టంగానే ఉంది.

తార్నాక:
నేను దీనికి ఒప్పుకోను. మన దక్కను పీఠభూమి చరిత్రే ఊడిన చరిత్ర. గోండ్వానా మహాఖండానికి అంటుకుని ఉన్న భారత భూభాగం దాని నుండి ఊడి, ఉత్తరానికి కొట్టుకుపోయి, ఆసియాకు తగిలి హిమాలయాలను పైకి లేపింది. ఆ గోండ్వానా పేరు గోండుల నేల నుండి వచ్చినదే. కనుక ఖండం ఊడిందనడానికి మనకున్నంత హక్కు ఇంకెవరికీ లేదు.

సీతాఫల్‌మండి:
ఆ వాదం పద్యంలో ఉంటే ఒప్పుకునేవాడిని. వ్యాఖ్యలో ఉంది.

సైనిక్‌పురి:
ఆలస్యంగా వచ్చాను. సంచాలకుల వారికి చిన్న సవరణ: ఉడుత ఖండాలను విడదీయడం 2012లో క్రొత్త కాదు. మొదటి చిత్రం వచ్చిన 2002లోనే ఆ ఉడుత మీద తీసిన ఒక పొట్టి చిత్రంలో అది గింజలన్నింటినీ పేర్చి, చివరి గింజతో భూమిని చీల్చింది. దానిని ఆస్కార్‌కు కూడా ప్రతిపాదించారు. నాలుగవ భాగం ఆ పాత హాస్యాన్నే పెంచుకున్నది, అందువల్ల చిక్కడపల్లి గారి 'అలసె కథయు' అన్న మాట నిజమే.

ఈ చిత్రాలను తీసిన బ్లూ స్కై స్టూడియోస్ 2021లో మూతపడింది. మరుసటి సంవత్సరం అక్కడ పనిచేసినవారే ఒక చిన్న దృశ్యాన్ని బయటపెట్టారు. ఉడుతకు గింజ దొరుకుతుంది. అటూ ఇటూ చూసి, ఏ ఆటంకమూ రాక, తినేసి వెళ్ళిపోతుంది. అంతే.

ఇరువదేండ్లుగ వెదకిన దిప్పుడబ్బె
శాల మూసిన చిత్రకుల్ సాగనంప
గొరికి తినెగాక యింతకే కూలె జగమె
యుడుత గింజకై ఖండము లూడిపోయె

చిక్కడపల్లి:
దోషం వెదికాను. 'చిత్రకుల్' కొంచెం కొత్తగా ఉంది, అంతకుమించి ఏమీ లేదు. 'తినెగాక' లోని గాక దగ్గర కాసేపు ఆగిపోయాను.

సంచాలకులు:
సైనిక్‌పురి వారి సవరణను శిరసావహిస్తున్నాను. ఈ వారం క్రియను గెలిపించినందుకు కూకట్‌పల్లి సోదరికి మొదటి చోటు. చిక్కడపల్లి, సైనిక్‌పురి వారిది రెండవ చోటు, సమంగా. సీతాఫల్‌మండి వారు తమ పూరణ మీద తామే తీర్పు ఇచ్చుకున్నారు గనుక నేను చేయి కలపను.

అమీర్‌పేట:
మూడవ పాదం సవరించాను, చూడండి.

మంచు పగిలెను దిక్కులే మారిపోయె

చిక్కడపల్లి:
యతి కుదిరింది. ఖండాలు తిరిగితే దిక్కులు మారడం కూడా నిజమే, తార్నాక గారు సంతోషిస్తారు. కానీ ఇప్పుడు 'పోయె' రెండుసార్లు పోయింది. రేపు ఉదయం మళ్ళీ చూడండి.