చిన్న ఆటంకాలకే ప్రార్థన ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న (గుంటూరు నుండి ఒక సహోదరి):
ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మూడేళ్ల క్రితం మా అమ్మగారికి గుండె శస్త్రచికిత్స జరిగినప్పుడు సంఘమంతా ఉపవాస ప్రార్థన చేసింది. నేనూ చలించలేదు, తర్వాత సాక్ష్యం కూడా చెప్పాను. ఇప్పుడు అంత పెద్ద కష్టమేదీ లేదు. ఉద్యోగానికి బయలుదేరే వేళకు బండి మొరాయిస్తోంది, బదిలీ దరఖాస్తు రెండోసారి తిరిగి వచ్చింది, ఇంటివారు అద్దె పెంచారు. వీటికే పిల్లల మీద అరుస్తున్నాను, రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చుంటే నోట మాట రావడం లేదు. అప్పటి నా విశ్వాసం నిజమైనది కాదేమోనన్న భయం నన్ను వదలడం లేదు.

మొదటి జవాబు:
సహోదరీ, బైబిల్లోని యోనా ప్రవక్తను గుర్తు చేసుకోండి. చేప కడుపులో ఉండి కూడా కృతజ్ఞతాస్తుతులు చెల్లిస్తానని ప్రార్థించినవాడు, యోనా గ్రంథం నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి తనకు నీడనిచ్చిన ఒక్క సొరచెట్టు వాడిపోయి ఎండ తలకు తగలగానే బతకడం కంటే చావే మేలన్నాడు. అయినా దేవుడు ఆ మొదటి ప్రార్థన అబద్ధమని అనలేదు. ఆ సొరచెట్టు గురించే అతనితో మాట్లాడాడు. పెద్ద ఆపదలో మన చేతిలో ఏమీ లేదని తెలిసి మోకరిస్తాం, బండి సంగతి మన చేతిలోనే ఉందనుకుని ప్రార్థించకుండా విసుక్కుంటాం. అమ్మగారి కోసం అడిగినట్టే ఈ రాత్రి అద్దె గురించి కూడా దేవుణ్ణి అడగండి.

రెండో జవాబు:
జరిగిన ప్రతిదీ దేవుడు పంపిన పరీక్షేనని మాత్రం అనుకోవద్దు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో 2వ వచనంలోని శోధనలు మన మీదికి వచ్చే కష్టాలు. 13వ వచనం నుండి చెప్పిన శోధన మన దురాశే మనల్ని ఈడ్చుకుపోవడం. గ్రీకులోనూ తెలుగులోనూ రెండింటికీ ఒకే మాట ఉండడం వల్ల మన కూడికల్లో ఈ తేడా తరచుగా మరుగున పడుతుంది. బండి ఆగడం మొదటిది, దాన్ని సాకుగా పెట్టుకుని పిల్లల మీద అరవడం రెండోదానికి దగ్గర. బండిని మెకానిక్‌కు చూపించండి, పిల్లలను క్షమించమని అడగండి.

మూడో జవాబు:
అలసటను కూడా చూసుకోండి, అమ్మా. కర్మెలు పర్వతం మీద తన ప్రార్థనకు జవాబుగా అగ్ని దిగడం చూసిన ఏలీయా ప్రవక్తే ఆ తర్వాత బదరీవృక్షం కింద చావు కోరుకున్నాడు. దేవదూత అతన్ని గద్దించలేదు; రెండుసార్లు తట్టి లేపి తినమన్నాడు, మధ్యలో నిద్రపోనిచ్చాడు.

ప్రశ్న అడిగిన సహోదరి:
నిన్న రాత్రి అద్దె సంగతి ప్రార్థనలో చెప్పాను, నాలుగు మాటలే వచ్చాయి. పిల్లలతో ఈ ఉదయం మాట్లాడాను. బదిలీ గురించి ఇంకా నోరు పెగలడం లేదు. దాని కోసం మీరందరూ ప్రార్థించండి.