50 ఎంఎం లెన్స్ మొరాయిస్తోంది, ఆదివారమే సీమంతం

బనశంకరి కుర్రాడు:
పొద్దున తొమ్మిదింటి నుంచి దీనితోనే కుస్తీ. ఒంటిగంట దాటింది, ఇంకా అన్నం తినలేదు. 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్స్ కొన్నాను. బిగిస్తే షటర్ పడదు. దాని రింగులు అటూ ఇటూ తిప్పుతుంటే ఒక్కసారి పడింది. చూస్తే అమ్మ ముఖమంతా మసక, వెనకాల తులసికోట మాత్రం ఆకు ఆకునా స్పష్టం! ఫాస్ట్ లెన్స్ అన్నారు, ఇదేనా వేగం? ఆదివారం అక్క సీమంతం. లెన్స్ పాడైందా? త్వరగా చెప్పండి.

పాత రీలు:
కెమెరా ఏది?

కటకం మాస్టారు:
నాయనా, ఇక్కడ వేగం అంటే ఫోకస్ వేగం కాదు. ఎఫ్ అంకె చిన్నదైతే లెన్స్ లోపలి ద్వారం పెద్దది, కాబట్టి వెలుగు ఎక్కువ వస్తుంది. ఎఫ్ 5.6తో పోలిస్తే 1.8 దగ్గర దాదాపు పది రెట్లు. సెకనులో 15వ వంతు షటర్ కావలసిన చోట 125వ వంతుతో పని జరుగుతుంది. ఇక జూమ్ లేని ఇలాంటి లెన్స్‌ను అందరూ ప్రైమ్, ప్రైమ్ అనడం ఎందుకో! స్థిర నాభ్యంతర కటకం అని చక్కటి మాట ఉంది మనకు.

గాంధీబజారు సుధ:
మాస్టారూ, పూలమ్మే ఆవిడ ముందు ఆ మాట పలికితే బుట్ట వదిలి పారిపోతుంది. నేను అక్కడే 50తో తీస్తాను. మూర కొలిచే మోచెయ్యి, వేళ్లకు అంటిన తడి, ఆ దూరానికి భలే కుదురుతుంది. ఇంట్లో మాత్రం కష్టం తమ్ముడూ. చిన్న సెన్సరు కెమెరాలో అది 75 అయిపోతుంది. మా హాల్లో నలుగురిని తీయాలంటే నేను వంటింట్లోకి వెళ్లి నిలబడాలి. రోజువారీకి 35 ఎంఎం కొనాల్సింది.

కటకం మాస్టారు:
75 అయిపోదమ్మా. 50 ఎప్పటికీ 50. తగ్గేది దృశ్యకోణం, అంటే ఫొటోలో పట్టే వెడల్పు.

గాంధీబజారు సుధ:
ఏది తగ్గినా వంటింట్లోకి వెళ్లేది నేనే కదండీ.

పాత రీలు:
కెమెరా ఏది అని అడిగాను.

బనశంకరి కుర్రాడు:
నికాన్ డీ5300. లెన్స్ వాడినది, ఒక దుకాణంలో తీసుకున్నాను. పేరు చివర 1.8 డీ అని ఉంది. తెర మీద ఎఫ్‌ఈఈ అని ఏదో మెరుస్తోంది, దానికి సంబంధం లేదనుకుని రాయలేదు.

పాత రీలు:
సంబంధమంతా దానికే. ద్వారం రింగు చివరి అంకె మీద లేదని కెమెరా చెబుతోంది. ఎఫ్ అంకెలున్న ఆ రింగును నారింజ రంగు 22కి తిప్పి, పక్కన ఉన్న చిన్న తాళం జరపండి. ఎఫ్ అంకె ఇక కెమెరాలోనే మార్చాలి. ఆటోఫోకస్ మాత్రం రాదు. లెన్స్ వెనుక అంచున స్క్రూడ్రైవరు పట్టేలాంటి గాడి ఉంటుంది చూడండి. దాన్ని తిప్పే మోటారు కెమెరాలో ఉండాలి. మీ 5300లో లేదు, నికాన్ డీ7200లో ఉంది. చేత్తో ఫోకస్ చేసుకోండి. వ్యూఫైండరులో పచ్చ చుక్క నిలకడగా వెలిగితే కుదిరినట్టు.

బనశంకరి కుర్రాడు:
అమ్మినతను ఒక్క ముక్క చెప్పలేదు. డీ అంటే డిజిటల్ అనుకున్నాను.

పాత రీలు:
డిస్టెన్స్.

కటకం మాస్టారు:
అంటే దూరం. ఎంత దూరాన ఫోకస్ అయిందో కటకం కెమెరాకు చెబుతుంది.

గాంధీబజారు సుధ:
సీమంతంలో 1.8 పెట్టకు తమ్ముడూ. మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండేది మూడు సెంటీమీటర్లే. కన్ను దక్కితే చెవి పోతుంది. పైగా చేత్తో ఫోకస్. గాజులు తొడిగే చేతులు నీకోసం ఆగవు. ద్వారం 2.8కో 4కో తగ్గించు, కెమెరాతో వచ్చిన పాత కిట్ లెన్స్ కూడా సంచిలో పడేసుకో. అక్క ఒక్కతీ కుర్చీలో కుదురుగా కూర్చున్నప్పుడు 1.8 ముచ్చట తీర్చుకో.

బనశంకరి కుర్రాడు:
రింగు 22కి పెట్టాను, పడుతోంది. థాంక్స్. అన్నానికి పిలుస్తున్నారు.

గాంధీబజారు సుధ:
పచ్చ చుక్క కనబడిందా?

కటకం మాస్టారు:
రింగు అనకండి, వలయం. ద్వార వలయం.