రన్ అనే ఒక్క మాటకి ఇన్ని అర్థాలా? డ్యూటీలో తికమక అయిపోతోంది

నెల్లూరు_నర్స్:
నమస్తే అండీ. ఇంగ్లండ్‌లో నర్సుగా చేరి రెండు నెలలైంది. పరీక్ష బాగానే పాసయ్యాను, గ్రామర్ ఇబ్బంది లేదు, కానీ ఈ రన్ అనే మాట వినపడితే చాలు ఆగిపోతున్నాను. మొన్న నైట్ డ్యూటీలో ఒక పెద్దాయన "ఐ హావ్ హాడ్ ద రన్స్ సిన్స్ ఎస్టర్‌డే" అంటే, పరుగుకి వెళ్లే అలవాటుందేమో అనుకుని నవ్వి వచ్చేశాను. ఆయనకి నిన్నటి నుంచి విరేచనాలట! సీనియర్ సిస్టర్ చెప్పేదాకా తెలియలేదు, అప్పటికే మనిషి వాడిపోయాడు, నాకు ఏడుపొచ్చేసింది. అదే రాత్రి డ్రిప్ రన్ త్రూ అయిందా అని ఒకరు, షుగరు రన్స్ ఇన్ ద ఫ్యామిలీ అని ఒకరు, గ్లవ్స్ రన్ అవుట్ అయ్యాయని ఇంకొకరు. ఇవన్నీ బట్టీ పట్టాలా, లోపల ఏదైనా సూత్రం ఉందా?

పాత_మాస్టారు:
అమ్మా, రన్ అంటే పరుగెత్తడం అని చిన్న క్లాసులో మేమే నేర్పాం, చిక్కంతా అక్కడే. పాత ఇంగ్లీషు కాలం నుంచే ఆ మాటలో పరుగుతో పాటు పారడం కూడా ఉంది. జర్మన్‌లో దాని చుట్టం రిన్నెన్ అంటే ధారగా కారడమే. అందుకే వాళ్ల ముక్కు రన్ అవుతుంది, మన ముక్కు కారుతుంది. కుళాయి, ఉతికితే పక్క బట్టకి అంటుకునే రంగు, మీ డ్రిప్, వంశంలో దిగే షుగరు, అన్నీ ఆ పారుదలే అనుకోండి.

ఇంకొకటి, మనకి నడుచు, నడుపు అని రెండున్నాయి కదా. పాత ఇంగ్లీషులోనూ తాను పరుగెత్తడానికి ఒక క్రియ, వేరేదాన్ని పరుగెత్తించడానికి ఒక క్రియ ఉండేవి, తర్వాత కలిసిపోయాయి. మన బస్సు నడుస్తుంది, వాళ్ల బస్సు రన్ అవుతుంది, మనం హోటలు నడిపితే వాళ్లు రన్ చేస్తారు. నడుపు అని పెట్టి చూడండి, సగం వాక్యాలు వాటంతటవే విడిపోతాయి.

పదాల_పిచ్చి:
బట్టీ మాత్రం వద్దండీ! ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో 1989 నాటికి సెట్ అనే మాటకే అన్నిటికన్నా పొడవైన వివరణ ఉండేది, ఆ తర్వాత రన్ దాన్ని దాటేసింది, ఒక్క క్రియకే 645 అర్థాలు. పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి ఈ ఒక్క మాట మీదే తొమ్మిది నెలలు పట్టింది. అయినా మన కొట్టు తక్కువా? ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది, ఈత కొడతాం, చప్పట్లు కొడతాం, ఉప్పు కోసం వెళ్లేదీ కొట్టుకే. ఏదీ ఎవరూ నేర్పలేదు, పక్క మాటతో కలిపి విన్నాం, అంతే.

లీడ్స్_అక్క:
చెల్లీ, ఇక్కడ పదకొండేళ్లుగా నర్సుని. ఇవి రోజూ వింటావు: రన్నింగ్ ఎ టెంపరేచర్ అంటే ఒళ్లు కాలుతోందని, రన్ డౌన్ అంటే ఒంట్లో ఓపిక లేదని, రన్ ఇట్ బై ద డాక్టర్ అంటే డాక్టరు చెవిన వేయమని. ద ట్రాట్స్ అన్నా విరేచనాలే, అది కూడా గుర్తుంచుకో. మన లూజ్ మోషన్స్ ఇక్కడ చాలామందికి తెలియదు. అనుమానం వస్తే సిగ్గుపడకు, మలం రకాల బొమ్మలుండే బ్రిస్టల్ చార్ట్ చూపించి ఏ బొమ్మలా ఉందో అడుగు, ఏడు రకాలుంటాయి, ఆరో ఏడో అంటే వెంటనే రాసి సిస్టర్‌కి చెప్పు.

నెల్లూరు_నర్స్:
అందరికీ చాలా థాంక్స్ అండీ. చార్ట్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాను అక్కా. మాస్టారూ, మరి గ్లవ్స్ రన్ అవుట్ అవడం పారడమా, నడపడమా?

పాత_మాస్టారు:
పారడమేనమ్మా, కారి కారి కుండ ఖాళీ అయినట్టు. మీ అమ్మగారు డబ్బా ఖాళీ అయితే బియ్యం నిండుకున్నాయి అంటారే, అదే రన్ అవుట్.