జర్మన్ మాధ్యమంలో రసాయనశాస్త్రం మాస్టర్స్: మూడు సబ్జెక్టుల బీయస్సీతో వెళ్లవచ్చా?

ప్రశ్న: పరవాడ_క్యూసీ

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం సమాన ప్రాధాన్యంతో ఉన్న మూడేళ్ల బీయస్సీ పూర్తిచేసి, ఏడాదిన్నరగా పరవాడ ఫార్మా సిటీలోని ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత తనిఖీ) విభాగంలో హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే పరికరం) మీద పని చేస్తున్నాను. నా సీజీపీఏ 8.2. జర్మన్ భాషలో బీ1 (మధ్య స్థాయి) పరీక్ష ఉత్తీర్ణురాలినయ్యాను. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళితే, జర్మన్ మాధ్యమం మన పిల్లల వల్ల కాదని, ఆంగ్ల మాధ్యమంలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో సీటు ఇప్పిస్తామని చెప్పి ఫీజు కాగితం చేతిలో పెట్టారు. ఆ మొత్తం చూశాక ఇంట్లో ఎవరికీ నోట మాట రాలేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో జర్మన్ మాధ్యమంలో నడిచే కోర్సులే ఎక్కువగా కనిపిస్తున్నాయి కనుక, సీ1 (పై స్థాయి) దాకా చదివి వాటికే దరఖాస్తు చేయాలని నా ఆలోచన. అక్కడ చదివినవారు, చదువుతున్నవారు పాఠాలు నిజంగా అర్థమవుతాయో లేదో, భాష ఎక్కడ అడ్డం వస్తుందో చెప్పగలరా?

సమాధానం: రోటావేపర్

నేనూ విశాఖ అమ్మాయినే. మధ్య జర్మనీలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పూర్తిగా జర్మన్ మాధ్యమంలో మాస్టర్స్ చేసి, ఇప్పుడు అక్కడే డాక్టరేట్ చేస్తున్నాను.

మీరు భయపడుతున్న చోట, అంటే తరగతి గదిలో, భాష అంతగా ఇబ్బంది పెట్టదు. ప్రొఫెసర్ బల్ల మీద నిర్మాణం గీసి, ఎలక్ట్రాన్ల కదలికకు బాణం గుర్తు వేసేసరికి, వాక్యంలో సగం వినిపించకపోయినా విషయం అందుతుంది. పైగా మూలకాల జర్మన్ పేర్లు మనకు పరాయివి కావు. జావర్‌ష్టోఫ్ అంటే పుల్లని పదార్థం, అంటే మన ఆమ్లజని. వాసర్‌ష్టోఫ్ అంటే నీటి పదార్థం, మన ఉదజని. కోలెన్‌ష్టోఫ్ అంటే బొగ్గు పదార్థం, మన కర్బనం. నత్రజని ఒక్కటే దారి తప్పుతుంది. దానిని వాళ్లు ష్టిక్‌ష్టోఫ్, ఊపిరాడనివ్వని పదార్థం అంటారు. తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివినందుకు నాకు మొదటిసారి లాభం కలిగింది ఇక్కడే. ఉపవాక్యంలో క్రియ చివరికి వెళ్లడం కూడా, ఆంగ్లం మీదుగా జర్మన్ నేర్చుకునేవారికి వింతగాని, మనకు కాదు.

భాష అడ్డం వచ్చేది ప్రయోగశాలలో. అక్కడ ప్రతి ప్రయోగానికి ముందు ఆన్‌టెస్టాట్ అనే చిన్న మౌఖిక పరీక్ష ఉంటుంది. అది దాటితే తప్ప ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటకు లాగే గాజు అర) దగ్గర నిలబడనివ్వరు. నా మొదటి బ్రోమినీకరణ నాడు అసిస్టెంట్, బ్రోమిన్ ఒలికితే ఏం చేస్తారని అడిగాడు. బ్రోమిన్‌ను విరిచేసే థయోసల్ఫేట్ పోస్తానన్నాను. ఆ ద్రావణాన్ని ముందే కలిపి పక్కన పెట్టుకున్నారా, చేతి మీద పడితే మొదట నీళ్లా, ద్రావణమా, గ్లవ్ లోపలికి దిగితే ఎంతసేపట్లో తీసేస్తారు అని వరసగా అడిగాడు. సమాధానాలన్నీ నాకు తెలుసు. కానీ కడగడం, తుడవడం, విప్పడం, ఒంపడం అనే నాలుగు మామూలు క్రియలు నోటికి రాలేదు. అతను మర్యాదగానే, రేపు రమ్మన్నాడు. సీ1 పరీక్షలో పర్యావరణం మీద రెండు పేజీల వ్యాసం రాసినదానిని ఫ్లాస్కు కడగడం చెప్పలేకపోయాను.

సంఖ్యలతో ఇంకొక చిక్కు ఉంది. మనం నలభై ఏడు అంటాం, వాళ్లు ఏడూ నలభై అంటారు. పక్క బెంచీ వాడు 47 మిల్లీలీటర్లని చెబితే నేను 74 రాసుకుని, ఒక మధ్యాహ్నం పనినీ, ఆ ద్రావణినీ కలిపి పారబోశాను. దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు కనుక, తూకం కాగితం మీద 2,500 అని ఉంటే అది రెండున్నర గ్రాములే. వారం రోజుల్లో అలవాటవుతుంది గాని, ఆ వారం మాత్రం జాగ్రత్త.

క్రియలకు ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఐన్‌ఎంగెన్ అన్న మాటకు నిఘంటువులో ఇరుకు చేయడమని ఉంటుంది, ప్రయోగశాలలో రోటావేపర్ (ఫ్లాస్కును తిప్పుతూ ద్రావణిని ఆవిరి చేసే పరికరం) మీద ద్రావణిని తీసేసి చిక్కబరచడం. ఆప్‌జౌగెన్ అంటే పీల్చడం కాదు, వాక్యూమ్ పెట్టి ఫిల్టర్ చేయడం. ఇలాంటివి నూరు వస్తే ప్రయోగ నివేదికలో ముప్పావు వంతు రాసేయవచ్చు. ఆ నివేదికలు మాత్రం తప్పించుకోలేరు. నా మొదటిది ఎర్ర సిరాతో మూడుసార్లు తిరిగి వచ్చింది.

సమాధానం: క్రెడిట్ల_లెక్క

పైన చెప్పినవన్నీ నిజమే గాని, మీకు అసలు అడ్డంకి భాష కాదని నాకు అనిపిస్తోంది. మూడు సబ్జెక్టుల బీయస్సీలో రసాయనశాస్త్రం మూడో వంతే. జర్మనీలో బ్యాచిలర్స్ అంటే 180 ఈసీటీఎస్ (ఐరోపా దేశాల్లో చదువు శ్రమను కొలిచే పద్ధతి) క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. అక్కడి రసాయనశాస్త్రం విద్యార్థి ఆ 180లో అత్యధిక భాగం ఆ సబ్జెక్టులోనే, అందులోనూ రోజుల తరబడి ప్రయోగశాలలోనే సంపాదిస్తాడు, చివర ఒక పరిశోధనా వ్యాసం కూడా సమర్పిస్తాడు. మీ డిగ్రీని అదే కొలతకు మారిస్తే రసాయనశాస్త్రం 60 చుట్టుపక్కల తేలుతుంది. అకర్బన, కర్బన, భౌతిక రసాయనాల్లో దేనికి ఎన్ని క్రెడిట్లు ఉండాలో చాలా విశ్వవిద్యాలయాలు ప్రవేశ నిబంధనల్లో విడివిడిగా రాస్తాయి. కొద్దిగా తగ్గితే, చేరాక అదనపు కోర్సులు రాయాలన్న షరతుతో సీటు ఇచ్చే చోట్లు ఉన్నాయి. సగానికి సగం తగ్గితే దరఖాస్తు తొలి వడపోతలోనే ఆగిపోతుంది. కన్సల్టెన్సీ వారు మీకు ఈ మాట ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కావడం లేదు, లేదా బాగానే అర్థమవుతోంది.

అందుకే ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, మరెక్కడైనానో ఎమ్మెస్సీ చేసి, దాని బలంతో వెళ్లేవారు మనలో ఎక్కువ. రెండేళ్లు ఆలస్యమని బాధపడకండి. ఆ రెండేళ్లలో బీ1 నుంచి సీ1కి తీరిగ్గా చేరవచ్చు.

మార్కుల మాటకొస్తే, అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 కనీస ఉత్తీర్ణత. గరిష్ఠం నుంచి మీ మార్కును తీసివేసి, దానిని గరిష్ఠానికీ ఉత్తీర్ణతకూ మధ్య తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలుపుతారు. ఉత్తీర్ణత 4 అయితే మీ 8.2కు 1.9 వస్తుంది, 5 అయితే దాదాపు 2.1. మీ కృషి మారకపోయినా కనీస ఉత్తీర్ణత ఎంతన్నదానిని బట్టి ఫలితం మారుతుంది కనుక, మార్కుల జాబితా మీద ఆ స్కేలు ముద్రించి ఉందో లేదో చూసుకోండి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. భారతీయ విద్యార్థులకు 2022 నవంబరు నుంచి ఏపీఎస్ ధ్రువపత్రం (మన సర్టిఫికెట్లు అసలైనవేనని తేల్చే పత్రం) తప్పనిసరి అయింది, దానికి నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. భాషకు, విశ్వవిద్యాలయ ప్రవేశానికి పెట్టే జర్మన్ పరీక్షలైన డీఎస్‌హెచ్‌లో రెండో స్థాయి గాని, టెస్ట్‌డాఫ్‌లో నాలుగు విభాగాల్లోనూ 4 గాని అడగడం పరిపాటి. వీసాకు బ్లాక్డ్ అకౌంట్లో (నెలకు కొంత చొప్పున మాత్రమే తీసుకోగల ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా ట్యూషన్ ఫీజు లేదు, కానీ బాడెన్‌వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటివారికి సెమిస్టరుకు 1,500 యూరోలు ఉంది.

సమాధానం: విశ్రాంత_అధ్యాపకుడు

అమ్మా, వాల్తేరులో మా గురువుల కాలంలో జర్మన్ రాకపోతే రసాయనశాస్త్రంలో పరిశోధన సాగేది కాదు. కర్బన పదార్థాల వివరాలన్నీ ఉండే బైల్‌స్టైన్ సంకలనం దశాబ్దాల పాటు జర్మన్‌లోనే వచ్చింది, మేము నిఘంటువు పక్కన పెట్టుకుని ద్రవీభవన స్థానాలు వెతుక్కునేవాళ్లం. 1930లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ శాఖను తీర్చిదిద్దిన టి.ఆర్. శేషాద్రి గారు మాంచెస్టర్‌లో రసాయన శాస్త్రవేత్త రాబిన్సన్ దగ్గర పనిచేశాక, ఆస్ట్రియాలోని గ్రాజ్‌కు వెళ్లి, 1923లో నోబెల్ పొందిన ప్రెగ్ల్ దగ్గర సూక్ష్మ విశ్లేషణ నేర్చుకుని వచ్చారు. కొద్ది మిల్లీగ్రాముల పదార్థంతో కర్బనం, ఉదజని శాతాలు తేల్చే ఆ పద్ధతి, మొక్కల రంగు పదార్థాల మీద పనిచేసే వారికి ప్రాణం లాంటిది.

అయితే ఆ అవసరం ఇప్పుడు లేదు. జర్మన్ శాస్త్రవేత్తలు కూడా పరిశోధనా పత్రాలు ఆంగ్లంలోనే రాస్తున్నారు. నీ లక్ష్యం పరిశోధన మాత్రమే అయితే, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోనే ఆంగ్ల మాధ్యమంలో నడిచే కోర్సులు కొన్ని ఉన్నాయి, వాటిని వెతుక్కో. జర్మన్ కోసం రెండేళ్లు పెట్టడం దేనికి?

సమాధానం: రోటావేపర్

మాస్టారి మాటతో సగమే ఏకీభవిస్తాను. నా మాస్టర్స్ వ్యాసం నేనూ ఆంగ్లంలోనే రాశాను, మా గైడ్ అభ్యంతరం చెప్పలేదు. కానీ అది 120 క్రెడిట్లలో చివరి 30, ఆరు నెలల పని. ముందున్న మూడు సెమిస్టర్లలో మౌఖిక పరీక్షలు ఎక్కువ. ప్రొఫెసర్, పక్కన నమోదు చేసే మరొకరు, ఎదురుగా మనం, అరగంట. పైగా చాలా చోట్ల ఒక పరీక్షకు మూడు ప్రయత్నాలే ఉంటాయి, మూడోదీ పోతే ఆ కోర్సే చేజారుతుంది. ఉద్యోగం సంగతి కూడా చూడాలి. అక్కడ రసాయనశాస్త్రంలో మాస్టర్స్ తర్వాత ఎక్కువమంది డాక్టరేట్ చేశాకే కంపెనీలకు వెళ్తారు. లుడ్విగ్స్‌హాఫెన్, లెవర్‌కూసెన్ లాంటి రసాయన పరిశ్రమల ఊళ్లలో ప్లాంటులో అడుగుపెట్టేవారికి భద్రతా సూచనలు జర్మన్‌లోనే చెబుతారు. పరవాడలో ఆపరేటర్లకు తెలుగులో చెప్పినట్లే.

పరవాడ_క్యూసీ

అందరికీ ధన్యవాదాలు. రాత్రి షిఫ్టు అయ్యాక కూర్మన్నపాలెం వరకు కంపెనీ బస్సులో కూర్చుని, నా సిలబస్ కాగితాలు తీసి లెక్క వేశాను. థియరీ, ప్రాక్టికల్ రెండూ కలిపినా రసాయనశాస్త్రం 60 కూడా దాటడం లేదు. కనుక ఈ సంవత్సరం దరఖాస్తు మానుకుని, ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాస్తాను, జర్మన్ ఆపను. ఒక్క సందేహం: క్యూసీలో చేసిన పనిని క్రెడిట్లుగా లెక్కిస్తారా?

క్రెడిట్ల_లెక్క

సాధారణంగా లెక్కించరు, ఉద్యోగానుభవం వేరు, క్రెడిట్లు వేరు. అయినా ఏ పరికరం మీద ఎన్ని నెలలు పనిచేశారో కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించుకుని ఉంచండి. కళాశాల నుంచి కూడా ప్రతి ప్రాక్టికల్ పేపరుకు వారానికి ఎన్ని గంటలో ఉన్న సిలబస్‌ను, ప్రిన్సిపాల్ ముద్రతో ఇప్పుడే తీసుకోండి. రెండేళ్ల తర్వాత వెళితే పాత సిలబస్ దొరకడం కష్టమవుతుంది.