పెన్‌డ్రైవ్ తీసేస్తే సర్వర్ బూట్ కావడం లేదు

ప్రశ్న:
రెయిడ్ కంట్రోలర్ ఉన్న సర్వర్‌లో పెన్‌డ్రైవ్ నుంచి డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాల్ చేశాను. కంట్రోలర్ డిస్కులన్నిటినీ కలిపి 4 టీబీల ఒకే డిస్కుగా చూపిస్తోంది. ఇన్‌స్టాలేషన్ ఏ లోపమూ లేకుండా పూర్తయింది కానీ, పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే బూట్ చేయడానికి డివైస్ ఏదీ లేదన్న సందేశంతో ఆగిపోతోంది. విచిత్రమేమిటంటే, పెన్‌డ్రైవ్ మళ్లీ పెడితే ఇన్‌స్టాలర్ మెనూకు బదులు కొత్తగా ఎక్కించిన డెబియనే మొదలవుతోంది. పెన్‌డ్రైవ్‌ను మళ్లీ సిద్ధం చేసుకుని ఇంకోసారి ఇన్‌స్టాల్ చేసినా ఇదే ఫలితం.

మొదటి జవాబు:
మీరు విచిత్రమన్నదే ఇక్కడ అసలు ఆధారం. ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే గ్రబ్ బూట్‌లోడర్ డిస్కు మీదికి కాక పెన్‌డ్రైవ్ మీదికి వెళ్లింది. రెయిడ్ కంట్రోలర్ సిద్ధమయ్యేలోపే కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌ను గుర్తించి, మొదటి డిస్కుకు ఇచ్చే ఎస్‌డీఏ అన్న పేరును దానికే ఇచ్చేయవచ్చు. గ్రబ్‌ను ఎక్కడ పెట్టాలని ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు మనం అలవాటు కొద్దీ జాబితాలోని మొదటి పేరే ఎంచుకుంటాం. (ఈ పొరపాటుతో నేనూ ఒకసారి సగం రోజు పోగొట్టుకున్నాను.) పెన్‌డ్రైవ్‌తోనే బూట్ చేసి, సైజును బట్టి అసలు డిస్కు పేరు తెలుసుకుని, గ్రబ్‌ను దాని మీద ఇన్‌స్టాల్ చేయండి. సిస్ డైరెక్టరీలో ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్ఐ అన్న డైరెక్టరీ ఉందో లేదో కూడా చెప్పండి. లేకపోతే మీరు కొత్తదైన యూఈఎఫ్ఐలో కాక, లెగసీ బయాస్ అనే పాత బూట్ పద్ధతిలో ఉన్నట్టే.

ప్రశ్న అడిగినవారు:
ఆ డైరెక్టరీ లేదు. అసలు డిస్కు ఎస్‌డీబీ. అయితే దాని మీద గ్రబ్ ఇన్‌స్టాల్ చేయబోతే, ఈ జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) డిస్కులో బయాస్ బూట్ పార్టిషన్ లేదంటూ నిరాకరించింది.

రెండో జవాబు:
512 బైట్ల సెక్టార్లున్న డిస్కులో ఎంబీఆర్ అనే పాత తరహా పార్టిషన్ పట్టిక సుమారు 2 టీబీలకు మించి చూపలేదు కాబట్టి, 4 టీబీల డిస్కుకు జీపీటీ తప్పదు. ఎంబీఆర్ డిస్కుల్లో గ్రబ్ మొదటి పార్టిషన్‌కు ముందున్న ఖాళీలో సర్దుకుంటుంది. జీపీటీలో ఆ చోటు మొదట్లోనే పట్టిక ఉంటుంది గనుక, దానికి విడిగా ఒక పార్టిషన్ కావాలి. ఇందుకోసం అంతా తుడిచేయనక్కరలేదు. మీ మొదటి పార్టిషన్ 2048వ సెక్టార్ దగ్గర మొదలవుతుంటే, 34 నుంచి 2047 వరకు ఖాళీగానే ఉంటుంది. జీడిస్క్ అనే పార్టిషన్ టూల్‌లో అలైన్‌మెంట్‌ను (పార్టిషన్లు ఎన్ని సెక్టార్ల గుణిజాల దగ్గర మొదలవాలన్నది) 1కి మార్చి, అక్కడ బయాస్ బూట్ పార్టిషన్‌ను సూచించే ఈఎఫ్02 రకం పార్టిషన్ సృష్టించి, రీస్టార్ట్ చేశాక గ్రబ్ ఇన్‌స్టాల్ చేయండి. దానికి ఫార్మాట్ అవసరం లేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఇది పనిచేస్తుంది. కానీ సర్వర్‌లో ఇంకా డేటా లేకపోతే, బూట్ మెనూలో పెన్‌డ్రైవ్‌కు యూఈఎఫ్ఐ అని ఉన్న ఎంట్రీని ఎంచుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే నాకు మేలనిపిస్తుంది. అప్పుడు ఫ్యాట్32 ఫార్మాట్‌లోని ఈఎఫ్ఐ పార్టిషన్ నుంచి ఫర్మ్‌వేరే బూట్‌లోడర్‌ను తీసుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
సెట్టింగులన్నీ అప్పటికే పూర్తి చేసి ఉండటంతో రెండో జవాబునే అనుసరించాను. పెన్‌డ్రైవ్ లేకుండానే బూట్ అయింది. ఇప్పుడు డిస్కు పేరు ఎస్‌డీఏగా మారింది కానీ, ఎఫ్‌స్టాబ్‌లో (ఏ పార్టిషన్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఫైల్) డిస్కు పేర్లకు బదులు యూయూఐడీలే (పేరు మారినా మారని గుర్తింపు సంఖ్యలు) ఉన్నందువల్ల దానితో ఇబ్బంది రాలేదు.